ఆసుపత్రిలో చేరిన మూడో రోజు ఫిట్స్: ఎవరూ అడగని కల్లు

ఆమెకు 58 ఏళ్లు. దేవరకద్ర వైపు ఒక పల్లె. పెద్దకొడుకు హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేస్తాడు, చిన్నకొడుకూ కోడలూ ఇంటి దగ్గరే ఉంటారు. తనూ కూలికి పోతుంది. బీపీ, షుగర్ లేవు. అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ రాలేదు. గుర్తుపట్టే వీలు లేకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. రాయడానికి ఆమె, ఇంటివాళ్లు ఒప్పుకున్నారు.

సోమవారం సాయంత్రం వాన వెలిశాక పొలం ఒడ్డు మీద కాలు జారి పడింది. కుడి తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. ఆ రాత్రే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. బుధవారం పొద్దున వెన్నులో మత్తు ఇచ్చి రాడ్ వేశారు. ఆ ఎక్స్‌రే తర్వాత నేనూ చూశాను, ఎముక చక్కగా కుదిరింది.

మంగళవారం రాత్రి నుంచే ఆమెకు నిద్ర లేదు. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. నొప్పి వల్ల, ఆపరేషన్ టెన్షన్ వల్ల అనుకున్నారు. నొప్పికి ట్రమడాల్ ఇంజెక్షన్ రోజుకు మూడుసార్లు ఇచ్చారు. గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటి ఫిట్ వచ్చింది. ఒళ్లు బిగుసుకుపోయి, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకుని, నాలుక కరుచుకుంది. రెండు నిమిషాలు ఉంది. ఆరు గంటలకు ఇంకొకటి. ఫిట్స్ ఆపే మందు ఫెనిటోయిన్ పూర్తి డోసు ఎక్కించారు. అయినా తొమ్మిదిన్నరకు మూడోది వచ్చింది. మత్తు మందు మిడజోలం ఇచ్చి, మెదడు సీటీ తీయించి, మధ్యాహ్నానికి మహబూబ్‌నగర్‌లో మా ఆసుపత్రికి పంపారు. వెంట వచ్చిన కాగితంలో "కొత్తగా వచ్చిన ఫిట్స్. స్ట్రోకా? మెదడు వాపా?" అని ఉంది. దాని కిందే "మద్యం అలవాటు: లేదు" అని ఉంది.

ఒకటిన్నరకు నేను చూసేసరికి కళ్లు తెరిచి ఉంది కానీ మనిషి మనలో లేదు. పేరు పెట్టి పిలిస్తే చూస్తుంది, మరుక్షణం చూపు గోడ మీదికి పోతుంది. నాడి నిమిషానికి 128. బీపీ 160/100. జ్వరం 100.4 డిగ్రీలు. ఆక్సిజన్ 96 శాతం. కంటిపాపలు పెద్దవై ఉన్నాయి, వెలుతురుకు ముడుచుకుంటున్నాయి. మెడ బిగుసుకోలేదు. కాళ్లూ చేతులూ రెండు వైపులా సమానంగా కదుపుతోంది. విరిగిన కాలు కూడా కదిలించబోతుంటే పట్టుకోవాల్సి వచ్చింది. రిఫ్లెక్సులు అన్నీ చురుగ్గా ఉన్నాయి. పక్క మంచం దగ్గర ఎవరో స్టీలు ట్రే కింద పెడితే ఆ చప్పుడుకే ఉలిక్కిపడి లేవబోయింది. బీపీ పట్టీ కట్టేటప్పుడు కుడి జబ్బకు నల్లదారంతో కట్టిన తాయెత్తు కనిపించింది. దాన్ని పైకి జరిపి పట్టీ చుట్టాను. అప్పుడు దాని గురించి ఏమీ ఆలోచించలేదు.

అక్కడే, మా కళ్ల ముందే, నాలుగో ఫిట్ వచ్చింది. లోరాజిపామ్ 2 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చి, ఐదు నిమిషాలకు ఇంకో 2 ఇచ్చాక ఆగింది.

ఎముక విరిగిన మనిషికి మూడో రోజు ఫిట్స్, మతి తప్పడం వస్తే ఆలోచించాల్సినవి చాలా ఉన్నాయి. మొదట నాకు తట్టింది కొవ్వు ఎంబాలిజం. పెద్ద ఎముక విరిగినప్పుడు లోపలి మూలుగ కొవ్వు రక్తంలోకి చేరి ఊపిరితిత్తుల్లో, మెదడులో చిక్కుకుంటుంది. ఇది ఎక్కువగా 24 నుంచి 72 గంటల్లో వస్తుంది, కాబట్టి సమయం సరిగ్గా సరిపోతోంది. కానీ అందులో సాధారణంగా ఆక్సిజన్ పడిపోతుంది, చంకల్లో, ఛాతీ మీద, కంటి రెప్పల లోపల సన్నని ఎర్రచుక్కలు కనిపిస్తాయి. టార్చి పట్టుకుని వెతికాను. లేవు. ఆక్సిజన్ బయట గాలి మీదే 96 ఉంది.

పడినప్పుడు తలకు దెబ్బ తగిలి రక్తం గడ్డ కట్టిందా? సీటీలో లేదు. పల్లెల నుంచి ఫిట్స్‌తో వచ్చేవాళ్లలో మేం తరచూ చూసే బద్దెపురుగు బుడగలు, క్షయ గడ్డలు కూడా అందులో లేవు. సోడియం 134, షుగర్ 112, కాల్షియం బాగానే ఉంది, కిడ్నీ బాగుంది. మెగ్నీషియం కాస్త తక్కువ, 1.5. ట్రమడాల్ ఒంటరిగానే కొందరిలో ఫిట్స్ తెప్పించగలదు. దాన్ని వెంటనే ఆపేశాం. ఆమె విషయంలో అది నిప్పుకు గాలి తోడైనట్టు పని చేసిందనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ మంగళవారం రాత్రి మొదలైన చెమటకూ వణుకుకూ అదొక్కటే కారణమంటే నాకు నమ్మకం కుదరలేదు.

మిగిలింది మెదడు పొరల ఇన్ఫెక్షన్. వెన్నులో సూది గుచ్చి ఒక రోజు దాటింది, జ్వరం ఉంది. మెడ మెత్తగా ఉందని దాన్ని పక్కన పెట్టేయలేం. వెన్ను నీరు తీసి చూడాలి. అయితే కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా ఆ పొద్దునే ఆమెకు ఎనాక్సపారిన్ ఇచ్చి ఉన్నారు. ఆ డోసు తర్వాత కనీసం 12 గంటలు ఆగకుండా వెన్నులో సూది పెడితే లోపల రక్తస్రావమై కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే యాంటీబయాటిక్స్ ముందే మొదలుపెట్టి, వెన్ను నీరు పరీక్ష మర్నాటి పొద్దుటికి పెట్టుకున్నాం.

సాయంత్రం ఆరింటికి రౌండ్‌కు వెళ్లినప్పుడు ఆమె మెలకువగా ఉంది. దుప్పటి అంచును ఎడమచేత్తో గుప్పెట్లో పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో, చూపుడువేలితో ఏదో తెంపుతోంది. తెంపి, పక్కన పడేస్తోంది. మళ్లీ గుప్పెడు అంచు పట్టుకుంటోంది, దులుపుతోంది, తెంపుతోంది. చాలా ఒడుపుగా, తొందర లేకుండా. కాసేపు నిలబడి చూశాను. నాకు అర్థం కాలేదు. వెనక నిలబడ్డ కోడలు కళ్లు తుడుచుకుంటూ, "పల్లికాయ తెంపుతుంది సారూ," అంది.

నిజమే. పల్లి చెట్టును పీకి, మట్టి దులిపి, కాయ తెంపి గంపలో వేయడమే అది. ఎన్నేళ్లుగానో చేసిన కూలి పని, మతి లేని వేళ చేతులు వాటంతట అవే చేస్తున్నాయి. మత్తు మందులు, మద్యం హఠాత్తుగా ఆగినప్పుడు వచ్చే మతిభ్రమలో రోగులు ఇలా తమ రోజువారీ పనిని గాల్లో చేయడం వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన లక్షణమే. దర్జీ సూదిలో దారం ఎక్కిస్తాడు, డ్రైవర్ గేరు మారుస్తాడు. ఆ వేళ్లు చూశాక, ఆ కాగితంలో "లేదు" అన్న మాట మీద నాకు అనుమానం వచ్చింది. కొడుకునూ కోడలినీ బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టి అడిగాను.

"అమ్మ తాగుతదా?"

"లేదు సారూ. మా అమ్మ మందు ముట్టది. బీడి గుడ తాగది," అన్నాడు కొడుకు.

"కల్లు?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె చెప్పింది: "కల్లయితె అందరు తాగుతరు గద సారూ. పగటాల ఒక సీస, రాత్రి రెండు. అది లేకుంటె మా అత్తకు నిద్ర పట్టది."

"ఎన్నేండ్ల సంది?"

"నేను కాపురానికి ఒచ్చినప్పటి సంది జూస్తున్న. పదిహేనేండ్లయె."

"ఆఖరుకు ఎప్పుడు తాగింది?"

"పడ్డ దినం పగటాల. రాత్రి యాడ తాగె, దవాఖానకే ఒచ్చినం గద."

"చెట్టు కాడిదా, కంపౌండుదా?"

"చెట్టు కాడిది యాడ దొరుకుతది సారూ. కంపౌండుదే." కంపౌండు అంటే కల్లు అమ్మే దుకాణం.

ఇంకొక్కటి అడగాలి. కల్లు దొరకని రోజు ఎప్పుడైనా వచ్చిందా, అప్పుడు ఏమైంది అని. కోడలు కాసేపు ఆలోచించింది. "కరోనాల లాక్‌డౌన్ వెట్టినప్పుడు కంపౌండు బందు జేసిండ్రు. రెండు దినాలకు చేతులు గజగజ వణికినయి. రాత్రంత పిచ్చి పిచ్చిగ మాట్లాడింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించినం. మల్ల కల్లు దొరికినంక తక్కువయింది."

ఆ తాయెత్తునే నేను మధ్యాహ్నం పైకి జరిపింది.

సోమవారం మధ్యాహ్నం నుంచి గురువారం తెల్లవారుజాము నాలుగున్నర వరకు లెక్కపెడితే 64 గంటలు. అందులో సోమవారం రాత్రి నుంచి ఆమె ఆసుపత్రి మంచం మీదే ఉంది. మూడు రోజుల్లో డాక్టర్లు, మత్తు డాక్టరు, నర్సులు ఎంతోమంది చూశారు. చాలామంది "మందు తాగుతావా" అని అడిగే ఉంటారు. కొడుకు నిజమే చెప్పాడు. మన దగ్గర మందు అంటే విస్కీ, బ్రాండీ, సారా. కల్లు మందు కాదు. అది సాయంత్రం తిండి లాంటిది, దానిని ఎవరూ అలవాటు లెక్కలో వేయరు. ఆడవాళ్లను, అందులోనూ పెద్దవాళ్లను, అడగడమే తక్కువ. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా నేనూ అడగలేదు. వెంట వచ్చిన కాగితాన్ని నమ్మాను. ఆ నాలుగున్నర గంటలు ఆమెకు అందాల్సిన వైద్యం సగమే అందింది.

కల్లు ఆగితే ఫిట్స్ రావడం ఏమిటని అడిగేవాళ్లు ఉంటారు. లొట్టిలోంచి దించిన తాజా కల్లు అంతటి మత్తు పదార్థం కాదు. పులిశాక కూడా అందులో ఆల్కహాలు సుమారు 4, 5 శాతమే ఉంటుంది, బీరుతో సమానం. సమస్య కల్తీతో వస్తుంది. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు. నీళ్లలో శాకరిన్ కలిపి, కాస్త కల్లు పోసి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. క్లోరల్ హైడ్రేట్‌ను 1869 నుంచి నిద్ర మందుగా వాడారు. మిగతా రెండూ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మాత్రలు. అంటే ఆమె పదిహేనేళ్లకు పైగా, ఎంత డోసో ఎవరికీ తెలియని నిద్ర మాత్రలు రోజూ వేసుకుంటున్నట్టే లెక్క.

పాలమూరు డాక్టర్లకు ఇది కొత్త సంగతి కాదు, మరిచిపోకూడని సంగతి. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసి సరఫరాను ఒక్కసారిగా ఆపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకూ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పి జనం వరసగా వచ్చారు. అప్పుడు అందరికీ కారణం తెలుసు. ఇలా విడిగా, తుంటి విరిగో, అపెండిక్స్ ఆపరేషన్‌కో చేరిన మనిషిలో వచ్చినప్పుడే అది కళ్లు కప్పుతుంది.

లోపల జరిగేది ఇది. మెదడులో ఉద్రేకాన్ని అణిచే రసాయనం గాబా. ఈ మందులన్నీ, ఆల్కహాలుతో సహా, దాని బలాన్ని పెంచుతాయి. రోజూ బయటి మనిషి వచ్చి తలుపు మూస్తుంటే ఇంట్లోవాళ్లు గడియ పెట్టడం మానేస్తారు. అలాగే ఏళ్ల తరబడి మందు చేసే పనికి అలవాటుపడి మెదడు తన సొంత గాబా గ్రాహకాల పనితనాన్ని తగ్గించుకుంటుంది, రెచ్చగొట్టే గ్లూటమేట్ వైపును పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆపే చేయి ఉండదు. నాడి, బీపీ, చెమట, వణుకు, ఉలికిపాటు, ఫిట్స్, మతిభ్రమ అన్నీ అక్కడి నుంచే వస్తాయి. అల్ప్రాజోలం శరీరంలోంచి తొందరగా పోతుంది కాబట్టి ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. డైజిపామ్ మెల్లగా పోతుంది, అది ఎక్కువ కలిసిన కల్లయితే వారం తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. అందుకే మొదటి మూడు రోజులు బాగుందని నిశ్చింతగా ఉండలేం.

ఫెనిటోయిన్ ఎందుకు పని చేయలేదో కూడా దీంతో తెలుస్తుంది. అది పని చేసేది సోడియం చానళ్ల మీద. ఇక్కడి లోటు గాబాది. ఇలాంటి ఫిట్స్‌కు మందు గాబా బలాన్ని పెంచే కుటుంబం నుంచే, అంటే లోరాజిపామ్, డైజిపామ్ లాంటి వాటిలోంచే రావాలి.

మూత్రంలో మత్తు మందుల కార్డు పరీక్ష చేయలేదా అని మా జూనియర్ డాక్టరు అడిగాడు. చేసినా ఉపయోగం లేదు. పొద్దున అక్కడ మిడజోలం, మధ్యాహ్నం మేం లోరాజిపామ్ ఇచ్చి ఉన్నాం, పాజిటివ్ వస్తే అది ఎవరిదో తెలియదు. క్లోరల్ హైడ్రేట్‌ను ఆ కార్డు అసలు పట్టదు. ఈ రోగ నిర్ధారణ కోడలి మాటల్లోంచే వచ్చింది.

ఆ రాత్రి నుంచి లోరాజిపామ్‌ను ఆరు గంటలకోసారి 2 మిల్లీగ్రాములు నరంలోకి ఇస్తూ, నాడి, వణుకు, ఉలికిపాటు చూసి మధ్యలో ఒక్కో మిల్లీగ్రాము కలుపుతూ పోయాం. లక్ష్యం ఒక్కటే. పిలిస్తే కళ్లు తెరవాలి, వదిలేస్తే ప్రశాంతంగా పడుకోవాలి. వయసు, కొత్తగా జరిగిన ఆపరేషన్ దృష్ట్యా ఊపిరి, ఆక్సిజన్ చూస్తూ ఐసీయూలోనే ఉంచాం. థయమిన్ (విటమిన్ బి1) 200 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, గ్లూకోజ్ బాటిల్ పెట్టకముందే మొదలుపెట్టాం. తిండి సరిగా లేని, కల్లు తాగే మనిషికి ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి బి1 కూడా ఖర్చయి మెదడును దెబ్బతీసే వెర్నికే జబ్బు రావచ్చు, జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. మెగ్నీషియం ఎక్కించాం. ఆమె మంచం దిగకుండా ఉండడానికి హాలోపెరిడాల్ రాసి ఉంటే కొట్టేశాం. అది ఫిట్స్ వచ్చే గీతను ఇంకా కిందికి దించుతుంది.

ఆ రాత్రే కొడుకు ఒక మాట అడిగాడు. ఒక సీస తెచ్చి తాపిస్తే సరిపోదా అని. అతని తప్పేమీ లేదు, లాక్‌డౌన్‌లో అలాగే తగ్గింది కదా. వార్డుల్లో దుప్పటి కింద సీసాలు రావడం నేను చూశాను. కూర్చోబెట్టి చెప్పాను. ఆ సీసాలో ఏది ఎంతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. మేమిచ్చే మందు మీద అది పడితే ఊపిరి ఆగిపోవచ్చు. మతి లేని మనిషికి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మేమూ అలాంటి మందే ఇస్తున్నాం, లెక్క తెలిసి ఇస్తున్నాం. అతనికి అర్థమైంది.

శుక్రవారం పొద్దున వెన్ను నీరు తీశాం. కణాలు 2, ప్రొటీన్ 38, షుగర్ 64. శుభ్రంగా ఉంది. కల్చర్‌లోనూ ఏమీ రాలేదని తెలిశాక యాంటీబయాటిక్స్ ఆపేశాం. మెదడు తరంగాలను చూసే ఈఈజీ పరీక్షలో మూర్ఛరోగాన్ని సూచించేవేమీ లేవు. ఫెనిటోయిన్ కూడా ఆపేశాం. ఐదో ఫిట్ రాలేదు. శనివారం రాత్రి మొదటిసారి ఆరు గంటలు నిద్రపోయింది. ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికి దుప్పటి అంచు వదిలేసి ఉంది. "ఎవరివమ్మా?" అని అడిగితే ఊరి పేరు, ఇంటిపేరు చెప్పింది. తర్వాత, "నా కాలుకేమైంది సారూ?" అని అడిగింది. ఆపరేషన్ అయిన సంగతే ఆమెకు గుర్తు లేదు.

సోమవారం వాకర్ పట్టుకుని నిలబడింది.

ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద ఏం రాస్తామన్నది చిన్న విషయం కాదు. వెంట వచ్చిన కాగితాల్లో "సీజర్ డిజార్డర్", అంటే ఫిట్స్ జబ్బు, అని ఉంది. అదే కొనసాగితే ఊళ్లో ఆమె "ఫిట్స్ జబ్బు మనిషి" అవుతుంది. ఏళ్ల తరబడి ఫెనిటోయిన్ మింగుతుంది. ఆ మాత్ర దీర్ఘకాలం వాడితే ఎముకలు పలచబడతాయి, నడక తూలుతుంది. తుంటి విరిగిన 58 ఏళ్ల మనిషికి ఇవ్వకూడనిది ఏదైనా ఉందంటే అదే. "మత్తు పదార్థం ఆగడం వల్ల వచ్చిన ఫిట్స్, మూర్ఛరోగం కాదు, ఫిట్స్ మాత్రలు అవసరం లేదు" అని తెలుగులోనే రాసి ఇచ్చాను, ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా చదవగలిగేలా.

లివర్ పరీక్షలు బాగున్నాయి కాబట్టి డైజిపామ్ మాత్రలకు మార్చాం. పొద్దున 5, మధ్యాహ్నం 5, రాత్రి 10, మొత్తం రోజుకు 20 మిల్లీగ్రాములు. వారానికి రెండున్నర చొప్పున తగ్గిస్తే ఎనిమిది వారాలు. మాత్రలు కోడలి చేతికి, ఒక్కో వారానికి సరిపడా మాత్రమే ఇచ్చాం. ఇంత మెల్లగా ఎందుకంటే తొందరపడితే మళ్లీ అదే కథ. తక్కువ డోసుల దగ్గరికి వచ్చేకొద్దీ నిద్ర పట్టకపోవడం, గుండె దడ ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడతాయి, కల్లు మీదికి మనసు పోయేది అప్పుడే.

ఆరో వారం తప్పింది. దగ్గరి బంధువుల దినాలకు పోయి ఒక సీస తాగింది. నాకు ఇందులో నచ్చిన సంగతి ఏమిటంటే, తనే వచ్చి చెప్పింది. "అబద్ధమాడితె నీకెట్ల తెలుస్తది సారూ, మందు తప్పుతది గద," అంది. మందలించలేదు. డోసు పెంచలేదు, రెండు వారాలు అక్కడే ఆపి, మళ్లీ తగ్గించడం మొదలుపెట్టాం. పది వారాలకు మాత్రలు పూర్తిగా ఆగాయి. నిద్ర మామూలు కావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. చేతి వణుకు పోయింది. ఆరు నెలలకు చూసినప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. ఒక్క ఫిట్ కూడా రాలేదు.

ఆమె తర్వాత మా కేస్ షీట్‌లో "మద్యం" గడి కింద వేరే గడి పెట్టాం. కల్లు రోజుకు ఎన్ని సీసలు, ఎన్నేళ్లుగా, ఆఖరుసారి ఏ రోజు ఏ పూట, అని. ఆపరేషన్‌కు చేరే ప్రతి ఒక్కరినీ, ఆడా మగా తేడా లేకుండా, ఆ మాటతోనే అడుగుతారు.

పోయినసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె ఒంటరిగా రాలేదు. వెంట నలభై ఏళ్ల పక్కింటామె ఉంది, గర్భసంచి ఆపరేషన్‌కు వచ్చే వారం తేదీ ఇచ్చారట. ఆమె సిగ్గుపడుతూ తల దించుకుని నిలబడింది. "ఇది గుడ నా లెక్కనే సారూ. దినాం నాలుగు సీసలు. ఆ డాక్టరమ్మకు చెప్పలే ఇది. నేనే గుంజుకొచ్చిన," అంది మా రోగి. ఆ డాక్టరమ్మకు ఫోన్ చేసి మాట్లాడాను. ఆపరేషన్ అంత తొందరేమీ లేదంది. నెల వాయిదా వేసుకుని, అదే రోజు వార్డులో చేర్చి డైజిపామ్ మొదలుపెట్టాం.